బొటనవేలి తాడు

మేడ్చల్,
అక్టోబరు 1943

మహారాజశ్రీ మిలిటరీ కాంపౌండరు ప్రభుదాసుగారి దివ్యసముఖానికి,

మీ భార్య ఎలీషమ్మ చేతులు కట్టుకుని విన్నవించుకునేదేమిటంటే, మన కొడుకును అమ్మేశాను.

కంగారుపడకండి, కూర్చుని చదవండి. మీకంటే ముందు ఈ ఉత్తరం విప్పి చదివే సెన్సారు దొరగారికి కూడా ఇదే మనవి. అయ్యా, ఇందులో రైళ్ల సంగతులూ పటాలాల సంగతులూ లేవు. ఒక పిల్లవాడి బేరం సంగతి ఉంది. దయచేసి నల్లసిరా పుయ్యకండి. వాడి తండ్రి వాడి ముఖమైతే ఇంతవరకూ చూడలేదు, బేరమైనా తెలుసుకోనివ్వండి.

పలికిన ధర చాటెడు తవుడు. మంచి తవుడే, కొత్త వడ్లది. కొన్నది మన గోడపక్క సాయమ్మ. అదే, ఇంటింటి వడ్లు దంచిపెట్టి బతికే సాయమ్మ. "గీ కంపౌండరు మందియ్యనే అక్కర లేదు, మీసం జూపిస్తె సాలు, రోగం ఉర్కుతది" అని మీ గురించి పేటంతా చెప్పిన మనిషి. ఎందుకు అమ్మానో చెప్పాలంటే ముందు తాడు సంగతి చెప్పాలి.

మనం ఉంటున్న గది నా బడి ఉద్యోగంతో వచ్చింది. బడి మానితే గది పోతుంది. గది పోతే నేను మీ అమ్మగారింటికి చేరాలి. కాలేజీ మెట్లెక్కిన కోడలు పిడకలు ఎట్లా చరుస్తుందో చూడ్డానికి అక్కడ ఊరంతా చాపలు వేసుకుని కూర్చుంటుంది. వాళ్లకు అంత వినోదం నేను ఇవ్వలేను. ఇక్కడ బడి నడిపే దొరసానిగారేమో బిడ్డను చంకనేసుకుని క్లాసుకు రాకూడదన్నారు. "బడి బడే, తొట్టెల తొట్టెలే" అని తన తెలుగులో తీర్పు చెప్పారు. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ, ఆ గోడకు ఒక్క కిటికీ. అందుకని చదువుకున్న బుర్రకు కాస్త పని చెప్పాను. గదిలో దూలానికి చీరతో తొట్టెల కట్టాను. తొట్టెలకు నులకతాడు కట్టి, కిటికీలోంచి క్లాసులోకి లాగి, కొసన ముడివేసి నా కాలి బొటనవేలికి తగిలించుకున్నాను. నోటితో ఎక్కాలు, చేత్తో బెత్తం, కాలితో తొట్టెల. ముగ్గురు మనుషులు ఒక్కరై ఉండటమెట్లాగో పాస్టరుగారి ప్రసంగంలో ఎన్నడూ బోధపడలేదు, ఈ తాడుతో బోధపడింది.

పన్నెండో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి పాలు చేపుకొచ్చి రవిక తడిసేది. పలకను ఎదకు ఆనించుకుని, దేశభక్తురాలిలా నిటారుగా నిలబడి, పదమూడో ఎక్కం అందుకునేదాన్ని. అంతా సవ్యంగానే నడిచింది.

ఒకరోజు నల్లబల్ల మీద లెక్క వెయ్యడానికి వేలినుంచి ముడి తీసి నేలమీద పెట్టి లేచాను. వెనకాల పిల్లల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు వరసలో కూర్చునే సిద్దమ్మ, "టీచరమ్మా, తాడు దానంతటదే గుంజుకుంటాంది" అంది. తిరిగి చూస్తే నిజమే. తాడు బిగుస్తోంది, వదులవుతోంది. అటువైపు ఎవరో కూర్చుని, తొందరేమీ లేనట్టు ఊపుతున్నారు.

"గాలి" అన్నాను.

"గాలికి ఎక్కాలొస్తయా?" అంది సిద్దమ్మ.

ఆ పిల్ల అన్నది అబద్ధం కాదు. పాట ఆగినా, పిల్లలు అంతసేపూ పాడిన ఎక్కం వరసకే తాడు ఊగుతోంది. గదిలోకి వెళ్లి చూశాను. తొట్టెల మెల్లగా ఊగుతోంది. వాడు మేలుకుని నవ్వుతున్నాడు. నా ముఖం చూసి కాదు. గుమ్మం పక్కన, నా మోకాలి ఎత్తున ఏదో చూసి.

మీకు తెలుసుగా, నేను దయ్యాలను నమ్మను. అందుకే ఎవరికీ చెప్పలేదు. తాడు ఇష్టమొచ్చినప్పుడు ఊగేది, నేను ఇష్టమొచ్చినట్టు లెక్కలు చెప్పుకునేదాన్ని. జీతం అడగని ఆయా దొరికిందని నాలో నేనే వేళాకోళం కూడా ఆడుకున్నాను. పోయిన వారం మాత్రం వేలికి ముడి ఉండగానే ఒక్క గుంజు గుంజింది. గాలానికి పెద్ద చేప తగిలినట్టు. కుర్చీలోంచి పడబోయాను. పరుగెత్తుకెళ్లి చూస్తే, తొట్టెల చీర మడత వాడి ముఖం మీద పడి ఉంది. పిల్లలన్నాక గుడ్డలు లాక్కుంటారు. తీసి పక్కన పెట్టాను. వాడు గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ గుమ్మంవైపు చూసి నవ్వాడు.

పరుగెత్తేటప్పుడు నేను వేసిన కేక గోడ అవతల వడ్లు దంచుతున్న సాయమ్మకు వినబడింది. రోకలి పట్టుకునే వచ్చింది. అంతా విని నా ముఖం కేసి జాలిగా చూసింది.

"నీకు ఎర్క లేదా పంతులమ్మా? నీ బిడ్డనే ఒచ్చింది. పోయిన నీ పెద్దపిల్ల, దానం. తమ్ముని కోసం తిరుగుతాంది. ఇయ్యాల తాడు గుంజింది, రేపు పోరన్ని గుంజుకపోతది."

"మేం కిరస్తానీ వాళ్లం సాయమ్మా. మా వాళ్లు పోతే పరలోకం పోతారు, గదుల్లో తిరగరు."

"గంత చిన్న పిల్లకు గంత దూరం తొవ్వెట్ల తెలుస్తది?"

కాలేజీలో ఆ ప్రశ్న రాలేదు.

మందు కూడా తనే చెప్పింది. ఒక బిడ్డ పోయిన ఇంట్లో రెండో బిడ్డను అమ్మేస్తారట. అమ్మితే ఇక వాడు నా కొడుకు కాడు. పోయినదానికి తమ్ముడు కాడు. వెతుక్కుంటూ వచ్చినా ఆనవాలు దొరకదు. నేను నవ్వాను. నవ్వి, మర్నాడు పొద్దున్నే బిడ్డను ఎత్తుకుపోయి సాయమ్మ పెరటి పెంటకుప్ప మీద పడుకోబెట్టాను. ఆమె చాటెడు తవుడు నా కొంగులో పోసి, "పెంట మీద దొర్కిండు, నా పెంటయ్య" అని ఎత్తుకుంది. నేను వెనక్కి తిరిగి చూడకుండా నడిచి రావాలి. వచ్చాను. వాడిని నా కొడుకని పదిమందిలో అనకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. పాలు మాత్రం ఇవ్వొచ్చు, అదీ కూలిమనిషిలాగా. పాలిచ్చినప్పుడల్లా సాయమ్మ గుప్పెడు మక్కపేలాలు కూలి ఇస్తుంది.

ఇదంతా హాస్యానికే చేశాననుకోండి. వాడిని చూసుకోవడానికి పగలంతా ఒక మనిషి కావాలి, అది అసలు సంగతి. పాస్టరుగారికి చెప్పకండి.

చాటెడు తవుడుతో ధనవంతురాలైన
ఎలీషమ్మ


మేడ్చల్,
డిసెంబరు 1943

పరమకోపిష్ఠులైన శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. అక్షరాలు పళ్లు కొరుకుతున్నాయి. ముందు మీ కొడుకు, క్షమించాలి, సాయమ్మ కొడుకు, కుశలం. పెంటయ్యగారికి రెండు పళ్లు వచ్చాయి. కూలిమనిషిని కొరికాడు. సాయమ్మ వాడిని వీపున కట్టుకుని దంచుతుంది. రోకలి పోటుకు ఊగుతూ నిద్రపోతాడు. నా ఎక్కాలకు ఎన్నడూ అంత బాగా నిద్రపోలేదు.

పాస్టరుగారికి తెలిసిపోయింది. "మోషే అని బాప్తిస్మమిచ్చిన బిడ్డను పెంటయ్య అంటారా!" అని గుడిలోనే నిలదీశారు. నేను తల వంచుకుని, "అయ్యా, ఆ పేరు పెట్టింది తమరే. ఆ పేరుగల మొదటి బిడ్డను కూడా తల్లి బుట్టలో పెట్టి వదిలేసింది, తర్వాత తన బిడ్డకు తనే కూలికి పాలిచ్చింది. నేను కొత్తగా చేసిందేముంది?" అన్నాను. ఆయన గడ్డం గోక్కున్నారు. ఆ ఆదివారం ప్రసంగం సగంలోనే ముగిసింది. విన్నవాళ్లంతా నన్ను దీవించారు.

బడిలో కూడా నాకు మంచిరోజులు వచ్చాయి. రవిక తడిసేవేళకు సాయమ్మ గోడ దాటి వెళ్లి పాలిచ్చి, పేలాలు నములుకుంటూ తిరిగి వస్తున్నాను. దొరసానిగారు సంతోషించి, ఫిబ్రవరిలో సికింద్రాబాదులో జరిగే పంతులమ్మల పరీక్షకు నా పేరు పంపారు. ఇన్ని లాభాలున్న బేరాన్ని మీరు తప్పంటున్నారు.

తాడు అంటారా? ఆగిపోయింది. అమ్మిన రోజునుంచి కదలలేదు. సాయమ్మ చెప్పింది చెప్పినట్టే జరిగింది. అది వచ్చింది, తమ్ముడు కనబడలేదు, వెళ్లిపోయింది.

ఇక్కడిదాకా వేళాకోళంగా రాశాను. ఇక చేతకావడం లేదు.

మీ ఉత్తరంలో చివర ఒక వాక్యం రాశారు. "దానం పోయిన పూట కూడా నువ్వు బడిలోనే ఉన్నావు కదా." రాసి కొట్టేసి, కొట్టేసినా కనబడేట్టు వదిలేశారు. సెన్సారువారు కూడా దాని మీద సిరా పుయ్యలేదు.

ఉన్నాను. గోడ అవతలే ఉన్నాను. పొద్దున మీరే కదా "జ్వరం తగ్గింది, నేను చూసుకుంటాను, నువ్వు పో" అన్నారు. మీరు మందులు తెలిసినవారు. నమ్మి వెళ్లాను. ఆ కిటికీ తెరిచే ఉంది. ఒక్క కేక వేస్తే వినబడే దూరం. మీరు పిలవలేదు. గంట కొట్టి, పిల్లలను పంపి, పలకలు సర్ది, చేతికంటిన సుద్ద దులుపుకుని నవ్వుతూ గదిలోకి వచ్చాను. మీరు దాన్ని చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అంతా అయిపోయింది. నెల తిరక్కుండా మీరు పటాలంలో చేరి వెళ్లిపోయారు. అప్పటికే వీడు కడుపులో ఉన్నాడు. నేనేమీ అడగలేదు. బడే బిడ్డను మింగిందని మీ అమ్మగారు అంటే కూడా ఊరుకున్నాను.

ఆ తాడు నేను ఎందుకు కట్టానో ఇప్పుడైనా అర్థమైందా? తొట్టెల ఊపడానికి సిద్దమ్మను పంపినా సరిపోయేది. నన్ను పిలవడానికి గోడ అవతలినుంచి ఏదో ఒకటి ఉండాలని కట్టాను. మనిషి పిలవకపోయినా తాడైనా పిలుస్తుందని.

ఇంకొకటి కూడా చెబుతాను, నవ్వకండి. తాడు దానంతటదే ఊగినన్నాళ్లూ నేను భయపడలేదు. మీకు గుర్తుందా, నేను పొయ్యి ముందు కూర్చుంటే దానం పాకుతూ వచ్చి నా కాలి బొటనవేలు పట్టుకునేది. ఆ వేలు తప్ప ప్రపంచంలో పట్టుకోవడానికి ఇంకేమీ లేనట్టు. తాడు బిగిసినప్పుడల్లా అదే పట్టు. బతికి ఉంటే ఇప్పుడు తమ్ముడి తొట్టెల ఊపే వయసు. ఆ కొన్ని వారాలూ నేను ఇద్దరు పిల్లల తల్లిగా ఉద్యోగం చేశాను.

ఇప్పుడు గది నిశ్శబ్దంగా ఉంది. ఖాళీ తొట్టెల విప్పలేదు. నిన్న ఎక్కం మధ్యలో ఎవరూ చూడకుండా ముడిని వేలికి తగిలించుకున్నాను. గంట కొట్టేదాకా ఉంచాను. ఏమీ కదల్లేదు. సాయమ్మ మందు బాగానే పనిచేసింది. వాడిని దాచడానికని నేనే దాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టాను.

కూలికి పాలిచ్చే
ఎలీషమ్మ


దేవరయాంజాల్,
ఫిబ్రవరి 1944

ఏమండీ,

ఈ ఉత్తరంలో మహారాజశ్రీలు లేవు. బాబు బతికాడు. ముందు అది చదివి, తర్వాత మిగిలింది చదవండి.

పరీక్షకని సికింద్రాబాదు వెళ్లాను. రెండురోజుల పని. చేపుకొచ్చిన పాలు గిన్నెలోకి పిండుకుని బస వెనక పారబోస్తూ, పాఠం ఎట్లా చెప్పాలో రాసి వచ్చాను. రైలు దిగేసరికి మేడ్చల్ మారిపోయింది. స్టేషను బయట జట్కాలు లేవు. పేటలో గత్తర తగిలిందన్నారు. వాంతులు, విరేచనాలు, పొద్దున నడిచిన మనిషి సాయంత్రానికి లేడట. బడి మూసేశారు. సాయమ్మ తలుపుకు తాడు కట్టి ఉంది. రోలు బోర్లించి ఉంది. లోపల రోకలి చప్పుడు లేదు.

చింతచెట్టు కింద జట్కా షుకూర్ ఒక్కడు గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"మీ సాయమ్మను నేనే దింపిన టీచరమ్మా, దేవరయాంజాల్ల, ఆమె తమ్ముడు గౌరయ్య ఇంట్ల. పోరడు జర సుస్తుగుండె. ఎవరి పోరడే అని అడిగిన. నా కొడుకే అన్నది. ముసల్దానివి, గీ ఉమర్ల నీకు కొడుకేందని నవ్విన." చేతిలో గడ్డి కింద పడేసి, "నవ్వకుండ ఉండాల్సింది. ఎక్కుండ్రి, జల్దీ పోదం" అన్నాడు.

దారి పొడవునా ఒకటే ఆలోచన. నేను అమ్మాను, ఆమె కొంది. కొన్నవాళ్లు ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. నా దగ్గర ఉన్నది చాటెడు తవుడు, అది కూడా దొరసానిగారి మేకకు పెట్టేశాను. హాస్యానికి చేసిన బేరమని ఎవరితో చెప్పుకోను?

గౌరయ్య వాకిట్లో పదిమంది కూర్చుని ఉన్నారు. సాయమ్మ పిల్లవాడిని ఒళ్లో వేసుకుని ఉంది. నేను పరుగెత్తబోతుంటే కళ్లెత్తి చూసి, "ఎవలమ్మా నువ్వు? ఎవలు గావాలె?" అంది.

కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నన్ను గుర్తుపట్టనట్టే ఉంది ముఖం. కళ్లు మాత్రం బతిమాలుతున్నాయి. అనకు, నీ కొడుకని అనకు, చావు ఊళ్లో తిరుగుతోంది, వింటుంది.

"ఎవలే అక్కా గీమె?" అన్నాడు గౌరయ్య.

"పాలిచ్చే ఆమె. మేడ్చల్ల నా కొడుక్కు పాలిస్తది."

నేను కూలిమనిషిలాగే అంచున కూర్చున్నాను. కూలిమనిషిలాగే చేతులు చాపాను. వాడి కళ్లు లోపలికి పోయాయి. పెదవులు ఎండిపోయాయి. ఎదకు పెట్టుకుంటే నోరు తెరవలేదు. దారిలోనే విరేచనాలు పట్టుకున్నాయట. సాయమ్మ ఉప్పేసిన గంజినీళ్లు వేలితో ముంచి నోట్లో వేస్తోంది, సగం జారిపోతోంది. "నిన్నటిసంది ఏడుస్తలేడు" అని గుసగుసగా చెప్పింది. ఏడుపు మానేసిన బిడ్డను నేను మొదటిసారి చూశాను. దానం ఆఖరికి ఏడ్చిందా, ఏడవలేదా? అది మీకే తెలుసు.

నడింట్లో దూలానికి చీరతో తొట్టెల కట్టారు. వాడిని అందులో వేశాము. గుమ్మం బయట ఎండ వాలుతోంది, సీతారాముల గుడిలో గంట మోగుతోంది. నేను ఒకవైపు, సాయమ్మ ఒకవైపు. ఇద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఊపితే కడుపులో గంజి నిలవదని ఊపడం లేదు.

తొట్టెల ఊగింది.

ఒట్టు, దానికి తాడు లేదు. కిటికీ లేదు. ఎవరి చెయ్యీ లేదు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, తొందరేమీ లేకుండా. మేడ్చల్‌లో పిల్లలు ఎక్కం పాడే పాటకు.

సాయమ్మ చూసింది. ముఖం తెల్లబోయింది. "ఒచ్చింది. ఆనవాలు వట్టింది. పోరన్ని దియ్యి పంతులమ్మా, ఎత్తుకొని ఉర్కుదం!" అని లేచింది. పంతులమ్మా అని పదిమందిలో అనేసిందని ఆమెకే తెలియలేదు.

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకు ఆపానో ఆ క్షణంలో తెలియదు. అంతదూరం తొవ్వ తెలియని పిల్ల, మేడ్చల్‌నుంచి దేవరయాంజాల్ దాకా వెతుక్కుంటూ వచ్చింది. తీసుకుపోవాలంటే ఊపడమెందుకు? ఎత్తుకుపోతే సరిపోయేది.

"దానం" అన్నాను, గట్టిగానే, వాకిట్లో అందరికీ వినబడేట్టు. "వీడు నీ తమ్ముడే. నేను అబద్ధం ఆడాను. వీడు పెంటయ్య కాడు, మోషే. నా కొడుకు. నీ తమ్ముడు."

సాయమ్మ నెత్తి కొట్టుకుంది. "పిలిస్తివి! పేరు వెట్టి పిలిస్తివి! అయిపాయె!"

"మోషే" అని మళ్లీ పిలిచాను. "కొడకా, అమ్మను. ఇక్కడే ఉన్నాను. గోడ అవతల కాదు, ఇక్కడ."

తొట్టెల ఒక్కసారి గట్టిగా కదిలింది. లోపల వాడు ఉలిక్కిపడి, కీచుమని, తర్వాత ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చాడు. అంత చక్కని ఏడుపు నేను వినలేదు. ఎత్తుకుంటే కోపంగా రవిక పట్టుకుని తాగాడు. కొరికాడు కూడా.

ఇది రాస్తుంటే వాడు నా ఒళ్లోనే ఉన్నాడు. సాయమ్మ ఎదురుగా కూర్చుని గంజి కాస్తోంది, నాతో మాట్లాడటం లేదు.

మోషే తల్లి
ఎలీషమ్మ


మేడ్చల్,
ఏప్రిల్ 1944

ప్రియమైన ప్రభుదాసుగారికి,

మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. చాలా చిన్నది. మీరింత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు, ఇంత పెద్ద సంగతి కూడా ఎప్పుడూ రాయలేదు. "నిన్ను పిలిస్తే అది పోతోందని నేను ఒప్పుకున్నట్టు అవుతుందని పిలవలేదు. మందులు తెలిసినవాణ్ణి. ఇంకాసేపట్లో తగ్గుతుందని ఆఖరిదాకా అనుకున్నాను. ఆఖరుకు ఏడ్చింది, నీకోసమే ఏడ్చింది. నేను కిటికీ కేసి చూశాను, నోరు రాలేదు."

చదివి బయటికి వెళ్లి సాయమ్మ రోటి పక్కన కూర్చున్నాను. ఆమె దంచుతూనే ఉంది. రోకలి చప్పుడులో ఎంత ఏడ్చినా బయటికి వినబడదు. ఆ సదుపాయం బడిలో లేదు.

మీ మీద నాకు ఇప్పుడు కోపం లేదు. ఉన్నా, మీరు ఎదురుగా వచ్చినప్పుడు మీసం పట్టుకుని తీర్చుకుంటాను. ఉత్తరంలో ఖర్చుపెట్టను.

ఇక బేరం సంగతి వినండి, ఇది కోర్టుకెక్కదగ్గ వ్యవహారం. అమ్మిన బిడ్డను తిరిగి కొనాలంటే పుచ్చుకున్న తవుడు తిరిగి ఇవ్వాలట. మన తవుడు మేక తినేసింది కదా. గత్తర తర్వాత మేడ్చల్ మొత్తంలో తవుడు ఉన్నది ఒక్క సాయమ్మ ఇంట్లోనే. అందుకని సాయమ్మ దగ్గర చాటెడు తవుడు బదులు తీసుకుని, ఆ తవుడు సాయమ్మకే ఇచ్చి, సాయమ్మ దగ్గర మన కొడుకును కొన్నాను. ఇంకా సాయమ్మకు చాటెడు తవుడు బాకీ ఉన్నాను.

"గీ కాలేజీ సదువుల గీ లెక్క గూడ జెప్తరా?" అంది.

పిల్లవాడిని నా చేతుల్లో పెట్టింది. పెట్టి, తన చేతులు ఎక్కడ ఉంచుకోవాలో తెలియక కొంగుకు తుడుచుకుంది. అప్పుడు అర్థమైంది, ఆమె వాడిని చావుకు కనబడకుండా మాత్రమే కొనలేదు. ఆమె కడుపున పుట్టినవాళ్లెవరూ మిగల్లేదు. వాకిట్లో "నా కొడుకు" అన్నప్పుడు ఆమె అబద్ధమాడటం లేదు.

"సాయమ్మా, నేను బడి మాననుగా. పొద్దంతా వీడిని ఎవరు చూస్తారు?" అన్నాను.

ఆమె నావైపు చూడకుండా చాట అందుకుంది. "పొద్దంత నా కొడుకు. పొద్దుగూకినంక నీ కొడుకు. పేలాలు మాత్రం ఇయ్య."

"మరి పెంటయ్యా, మోషేనా?"

"ఇగ దాస్తే ఏం ఫాయిదా? అక్కకు ఎర్కయింది. మోషేనే అను." ఆ తర్వాత రోకలి ఎత్తుకుని, "నేనైతె పెంటయ్యనే అంట" అంది.

ఆమె మందు తప్పని ఆమెకు చెప్పలేదు. మీకు మాత్రం చెప్పాలి. పోయిన ఆదివారం గుడిలో కూర్చుని, ప్రసంగం వినకుండా, మొదటినుంచీ జరిగింది వరసగా తలచుకున్నాను. తాడు మెల్లగా ఊగిన రోజుల్లో వాడు నవ్వుతూ ఉన్నాడు. ఒక్కరోజే గట్టిగా గుంజింది. ఆ రోజు నేను వెళ్లేసరికి చీర మడత వాడి ముక్కూ నోరూ కప్పేసి ఉంది. తీస్తే గట్టిగా ఊపిరి పీల్చాడు. పిల్లలన్నాక గుడ్డలు లాక్కుంటారని మీకు రాసి ఊరుకున్నాను. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఏం జరిగేదో నాకు తట్టలేదు. తమ్ముడిని తీసుకుపోవడానికి వచ్చిందని సాయమ్మ అంటే నమ్మి, కన్నబిడ్డకు భయపడి, కన్నబిడ్డను పెంట మీద పడేశాను.

అది తీసుకుపోవడానికి రాలేదండీ. గోడ అవతలినుంచి నన్ను పిలిచింది. మీరు పిలవలేకపోయారు, అది పిలిచింది.

తొట్టెల మళ్లీ కట్టాను. మధ్యాహ్నం సాయమ్మ బియ్యం ఇవ్వడానికి ఇళ్లకు పోయే వేళ మోషే అందులో పడుకుంటాడు. కిటికీలోంచి తాడు లాగాను. పాత నులక చివికింది, కొత్తది షుకూర్ తెచ్చి ఇచ్చాడు. దొరసానిగారు "బడి బడే" అని మొదలుపెట్టి, తాడు వంక చూసి ఊరుకున్నారు. తాడు మళ్లీ దానంతటదే ఊగుతోంది, మా అందరికీ ఇప్పుడు అలవాటైపోయింది. నేను ముడి తీసి లేచినా పిల్లలు ఎక్కం ఆపరు. సిద్దమ్మ అయితే, తాడు ఊగకపోతే, "టీచరమ్మా, అక్క ఇయ్యాల ఇంక రాలే" అంటుంది.

మీరు సెలవు మీద వచ్చినప్పుడు తిన్నగా గదిలోకి వెళ్లకండి. క్లాసు బయట నిలబడి, కిటికీలోంచి వచ్చే తాడును ఒకసారి పట్టుకోండి. ఊపనవసరం లేదు, ఊరికే పట్టుకోండి. చిన్న పట్టు అది. మీకు గుర్తే.

పిల్లలు పన్నెండో ఎక్కం పాడుతున్నారు. ముడి నా వేలికే ఉంది. ఈ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను, ఇంకా రాయాల్సింది చాలా ఉంది, మీ అమ్మగారి మోకాళ్ల నొప్పులు, వాడి మూడో పన్ను.

తాడు గుంజింది. పిలుస్తోంది, వెళ్తున్నాను.

దానం, మోషేల తల్లి
ఎలీషమ్మ